ఇనుప కడియాల గుహ

"పైన కొండల్లో రాత్రి వాన పడింది. మనం గుహలో ఉండగా ఏరు పొంగితే ఎటు పోతాం? పాములు సరే, గబ్బిలాలు సరే. కాలు విరిగి ఎవరైనా పడితే మోసుకొచ్చేదెవరు? డెబ్భై ఏళ్ల మామా?" అంది సెర్వా, ఇంకా ఎవరూ గడప దాటకముందే.

"నువ్వు రాకమ్మా. ఇంట్లోనే కూర్చుని తీరిగ్గా భయపడు," అంది కూతురు అకువా, అడవికత్తి నడుముకు బిగించుకుంటూ. "నిన్ననే పోయుంటే ఈ బాధ ఉండేది కాదు. ఏరు ఎండి ఉండేది."

"నిన్న గురువారం," అన్నాడు సెర్వా మేనమామ ఒపోకు.

అంతటితో ఆ మాట అయిపోయింది. అశాంతి తెగవాళ్ల సీమలో గురువారం భూదేవికి విశ్రాంతి రోజు. ఆనాడు ఎవరూ మన్ను తవ్వరు, పని మీద అడవిలో అడుగు పెట్టరు.

నలుగురూ బయలుదేరారు. నాలుగో మనిషి డెల్ఫిన్, సముద్రం అవతల జమైకా దీవి నుంచి వచ్చిన పంతులమ్మ. ఘనా దేశానికి స్వతంత్రం వచ్చి మూడేళ్లయింది. కొత్త బడుల్లో పాఠాలు చెప్పడానికి వచ్చి, ఆ మూడేళ్లలో భాష కూడా పట్టేసింది. ఒకప్పుడు ఆమె పూర్వులను గొలుసులేసి ఓడలెక్కించింది ఈ తీరం నుంచే. వాళ్లది ఏ ఊరో, ఏ ఇల్లో ఆమెకు తెలియదు. నాయనమ్మ చెప్పిన సాలీడు అనాన్సి కథలు మాత్రం మిగిలాయి. పోయిన వారం ఈ ఊరొచ్చిన సాయంత్రం ఆమె ఒక కథ మొదలుపెడితే, వాకిట్లో పిల్లలు దాని చివర ముందే చెప్పేశారు. డెల్ఫిన్ నవ్వింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. అప్పటి నుంచీ సెర్వాను అక్కా అనే పిలుస్తోంది.

ఆమె దగ్గర ఒక పటం ఉంది. ఎనభై ఆరేళ్ల కిందట తెల్లదొరల సైన్యం కుమాసీ నగరాన్ని తగలబెట్టినప్పుడు, ఒక దొర బంగారం కోసం ఈ అడవంతా గాలించి ఒక గుహ జాడ గీసుకున్నాడు. లోపలికి దారి మాత్రం కనిపెట్టలేకపోయాడు. ఆ కాగితం నకలు ఆమెకు ఒక పాత గ్రంథాలయంలో చిక్కింది. దాన్ని చూడగానే ఒపోకు ఛాతీ ఉప్పొంగింది. ఆ గుహలో బంగారం దాచింది తమ ఇంటి పెద్దలేనని అతడు ఎన్ని సభల్లో చెప్పుకున్నాడో లెక్కలేదు. "దొరలకు దొరకనిది మనం తెచ్చి రాజుగారి ముందు పెడదాం," అన్నాడు.

ఆ కథలో మిగతా సగం సెర్వా ఒక్కదానికే తెలుసు. అమ్మమ్మ పోయే ముందు ఆమె చెవిలో చెప్పింది. బంగారం దాచడానికి చాలా ముందు ఆ గుహలో మనుషుల్ని దాచేవారు. పట్టుకొచ్చిన వాళ్లను, తీరానికి తోలుకుపోయే దాకా. వాళ్లకు వేసిన ఇనుము ఇంకా అక్కడే ఉంది.

ఆ సీమలో ఒక కట్టడి ఉంది. ఎవరి పుట్టుక ఎక్కడిదో నోరు తెరిచి చెప్పకూడదు. బానిసలుగా కొని తెచ్చుకున్న వాళ్లు ఇళ్లలో కలిసిపోయారు. ఆ కుదుళ్లు కదిలిస్తే ఇళ్లే విడిపోతాయని పెద్దల భయం. సెర్వా ఆ కట్టడి చాటున నిలబడి ముప్పై ఏళ్లు గడిపింది. ఇప్పుడు డెల్ఫిన్ ఆ ఇనుము చూస్తే? అకువా చూస్తే? ఆ ఇద్దరి కళ్లలో తను ఏమైపోతుంది? అందుకే ఆమె ముందే ఒక ఉపాయం ఆలోచించుకుంది.

కోకో తోటలు దాటగానే అడవి మీద పడింది. బూరుగు మాన్లు ఆకాశాన్ని మూసేశాయి. తీగలు కాళ్లకు చుట్టుకున్నాయి. అకువా ముందు నడుస్తూ కత్తితో దారి చేస్తోంది. ఒకచోట దారికడ్డంగా జానెడు వెడల్పున నల్లచీమల దండు సాగుతోంది. "దూకండి. ఆగితే తినేస్తాయి," అని ఒపోకు అరిచాడు. నలుగురూ దూకారు. సెర్వా దూకాక కూడా పావుగంట సేపు కాళ్లు దులుపుకుంటూనే ఉంది.

రెండు జాముల వేళకు కొండ చేరారు. సన్నని జలపాతం వెనుక, ఒపోకు చిన్నప్పుడు పెద్దల నోట విన్నట్టే, మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టని చీలిక ఉంది.

"నేను ముందు వెళ్తాను. పాముంటే నన్నే కరవనీ," అంది సెర్వా.

అకువా తెల్లబోయింది. డెల్ఫిన్ ఆమె చెయ్యి నొక్కి, "ఎంత ధైర్యం అక్కా నీది," అంది. సెర్వాకు ముఖం వేడెక్కింది. టార్చిలైటు పట్టుకుని లోపలికి దూరింది.

నడుము లోతు నీటి గుంట పక్కగా, గోడనంటుకుని పాకింది. గబ్బిలాలు ముఖానికి తగులుతూ పోయాయి. లోపలి గది ఎత్తుగా, పొడిగా ఉంది. రాతి అరుగు మీద అమ్మమ్మ చెప్పినట్టే ఇనుప కడియాలు కుప్పగా పడున్నాయి. తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కున్నాయి. కొన్ని మరీ చిన్నవి. పసిచేతుల కొలత. సెర్వా భుజాన ఉన్న పొడుగాటి గుడ్డ తీసి వాటి మీద కప్పేసింది. తర్వాత, "రండి, ఏమీ లేదు," అని కేకేసింది.

ఏమీ లేదు అన్న తన మాట గుహంతా తిరిగి తన దగ్గరికే వచ్చింది.

ఒపోకు మూల మూలా తడిమి, రాళ్ల కింద నుంచి మూతున్న ఇత్తడి బిందె లాగాడు. మూత తీయగానే బంగారు పూసలు, పతకాలు, సన్నని బంగారు రజను తళుక్కుమన్నాయి. ముసలాయన మోకాళ్ల మీద కూలబడి పూర్వుల్ని పేరుపేరునా పిలిచాడు. డెల్ఫిన్ వచ్చి గుడ్డ పక్కనే అరుగు మీద కూర్చుంది.

"గుడ్డ తీసేశావే, చలి వెయ్యడం లేదా?"

"తడిసింది. ఆరేశాను," అంది సెర్వా. ఇది రెండో అబద్ధం.

అంతలో జలపాతం హోరు మారింది. చీలికలోంచి ఎర్రనీళ్లు లోపలికి దూసుకొచ్చాయి.

"ఏరు వచ్చింది. నడవండి, నడవండి," అంది అకువా. ఒపోకు బిందెను గుండెకు హత్తుకుని గుంట పక్కగా అడుగు వేశాడు. రాయి కదిలింది. మనిషి మెడదాకా మునిగిపోయాడు. సుడి అతన్ని గోడ కిందికి లాగుతోంది.

"తాడు. తాడేదీ?" అని అరిచింది అకువా.

డెల్ఫిన్ చటుక్కున గుడ్డ లాగింది. కడియాలు ఖణేల్మంటూ రాతి మీద చెల్లాచెదురయ్యాయి. టార్చి వెలుగులో ఆమె వాటిని చూసింది. చూసి, ఒక్క ఊపిరి సేపు కొయ్యబారిపోయింది. అయినా గుడ్డ కొస ఒపోకు వైపు విసిరేసింది.

"పట్టుకోండి మామయ్యా."

"చేతులు ఖాళీ లేవే," అన్నాడు ముసలాయన నీళ్లు ఉమ్ముతూ. "ఇది పెద్దలది."

"బిందె వదులు మామా," అంది సెర్వా. పుట్టిన తర్వాత మేనమామకు ఎదురు చెప్పడం అదే మొదలు. "వదలమంటున్నానా."

అతడు వదిలాడు. బంగారం ఎర్రనీళ్లలో ఒకసారి మెరిసి సుడిలోకి జారిపోయింది. ముగ్గురు ఆడవాళ్లూ గుడ్డ పట్టుకుని లాగారు. చర్మం గీరుకుపోయింది, గోళ్లు విరిగాయి. చీలికలోంచి ఒకరినొకరు తోసుకుంటూ బయటపడి, గట్టు మీది బండ మీద వెల్లకిలా పడ్డారు. వెనక కొండ లోపల నీళ్లు గర్జిస్తున్నాయి.

డెల్ఫిన్ లేచి కూర్చుంది. ఆమె చేతిలో ఒక చిన్న కడియం ఉంది. ఎప్పుడు తీసిందో ఎవరూ చూడలేదు.

"ఇవి ఎవరు వేశారు?" అంది.

"తెల్లవాళ్లవి అయ్యుంటాయి," అన్నాడు ఒపోకు, ముఖం తుడుచుకుంటూ.

"దొరకు దారే దొరకలేదని చెప్పింది మీరే కదా మామయ్యా."

ఒపోకు తల దించుకున్నాడు. అకువా తల్లి వైపు తిరిగింది. "అమ్మా, వాటి మీద గుడ్డ ఎందుకు కప్పావు?"

సెర్వా తడి గుడ్డను పిండింది. పిండిందే మళ్లీ పిండింది. మామ వైపు చూస్తే ఆయన చూపు నేల మీదే ఉంది. ఆకుల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏరు ఇంకొంచెం పైకొచ్చి బండ అంచు తడిపింది. ఎప్పుడైనా ముందు ఆమే అనేది, లేవండి, ఇక్కడుంటే కొట్టుకుపోతామని. ఈసారి అనలేదు. డెల్ఫిన్ ఆ కడియంలో రెండు వేళ్లు పెట్టి చూసుకుంటూ కూర్చుంది. లేచి పోలేదు. పొద్దు చెట్ల వెనక్కి వాలింది.

"మా ఇంటివాళ్లే వేశారు," అంది సెర్వా. "కొన్నది తెల్లవాళ్లు. పట్టుకొచ్చి కట్టేసింది మా వాళ్లు. నాకు తెలుసు చెల్లీ. తెలిసే కప్పాను."