తొమ్మిది పూల దూరం

చినబాబు ఎక్కిన విమానం సముద్రం దాటకపోతే, తను కోపంలో అన్న మాటే అతను తన నోట విన్న ఆఖరి మాట అవుతుందేమో. నాగవేణి భయమంతా అదే.

పది రోజుల కిందటి మాట. కువైట్‌లో ఏసీ మెకానిక్‌గా చేస్తున్న మొగుడు చినబాబు సెలవు మళ్లీ వాయిదా వేశానన్నాడు. "అయితే అసలు రాకండి. పాప ఫొటోనే నాన్న అనుకుంటోంది, అలాగే సర్దుకుంటాం" అని ఫోను పెట్టేసింది. నిన్న అతనే చేశాడు. "రేపు పొద్దున్న పదింటికి ఎక్కుతున్నా వేణీ. నాలుగున్నర గంటలు. హైదరాబాదులో దిగగానే చేస్తా." ఆమె ఊఁ అని కూడా అనలేదు.

మూడు వేల మూడొందల కిలోమీటర్లట. ఏడో తరగతితో బడి మానేసిన నాగవేణికి ఆ దూరం ఊహకు అందలేదు. తను రోజూ అల్లే లేసు పువ్వు ఒక్కోదానికి అరగంట పడుతుంది. అంటే నాలుగున్నర గంటలకి తొమ్మిది పూలు. పది కొట్టగానే పాపను చంకనేసుకుని, నరసాపురం బజారులో తనకి ఫోన్లొచ్చే బుల్లిరాజు ఎస్టీడీ బూతులో కూర్చుని మొదటి పువ్వు మొదలెట్టింది.

రెండున్నరకి తొమ్మిదోది అయింది. ఫోను మోగలేదు.

"విమానమంటే పాసింజరు బండా అమ్మాయ్, నిడదవోలులో ఆగడానికి?" అన్నాడు బుల్లిరాజు.

"ఆగదు కాబట్టే భయమండీ."

పది. పదకొండు. వాన అందుకుంది. పన్నెండో పువ్వుకి రేకులు తప్పాయి. విప్పి మళ్లీ అల్లింది, మళ్లీ తప్పాయి. నాలుగున్నరకి బుల్లిరాజు కూడా జోకులు మానేశాడు. ఎయిర్‌పోర్టు ఎంక్వయిరీకి మూడుసార్లు తిప్పాడు, లైను దొరకలేదు. ఆ తర్వాత ఎవరొచ్చినా "ఫోను ఖాళీ లేదండి, రేపు రండి" అని గుమ్మంలోంచే పంపేశాడు.

ఐదూ ముప్పావుకి మోగింది.

"వేణీ, దిగా."

"మూడు గంటలు ఎక్కడ తిరిగారండీ?" ఏడుస్తూ అరిచింది.

"తిరగడమేంటి? టైముకే దిగిందే!"

"పదింటికి ఎక్కుతానన్నారు!"

"అక్కడ పది. మనకప్పుడు పన్నెండున్నర."

"ఎప్పుడూ మన టైమే చెప్తారుగా!"

"అవునే. మూడేళ్లుగా వాచీ మనూరి టైముకే పెట్టుకు తిరుగుతున్నా, నువ్వేం చేస్తుంటావో తెలియాలని. నిన్న నువ్వు పలక్కపోయేసరికి కంగారులో టిక్కెట్టు మీదున్నది చదివేశా. రావద్దన్నావుగా, గుమ్మంలోకి రానిస్తావో లేదోనని..."

"ఏవండీ, అది కోపంతో అన్నది కాదు. మీరు లేకపోతే నాకేమీ తోచదు. ఆ మాట నోటికి రాక ఇంకోటి వచ్చింది."

"మళ్లీ చెప్పు."

"చాల్లెండి, రాజుగారు వింటున్నారు."

"నేను వాన చూస్తున్నానమ్మా" అన్నాడు బుల్లిరాజు అటు తిరిగి.

"తెల్లారి బండికి స్టేషన్లో ఉంటాం, పాపా నేనూ. ముందు మీరే దాన్ని పిలవండి. కొత్త చేస్తుంది, బాధపడకండి."

ఫోను పెట్టి పాపను చంకనేసుకుంది. పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి.

మీ వీధిలోనూ ఇలా ఫోను పక్కన కూర్చున్న ఇల్లాలు ఒకరు ఉండే ఉంటారు. ఈ పూట ఆ గుమ్మం దాకా వెళ్లి, మనిషి క్షేమంగా దిగాడా, తనేమైనా తిన్నదా అని ఒక్కసారి అడిగి రండి.