మొగిలి ఘాట్లో ఆగిన వ్యాను

బంగారుపాళ్యం హైవే పక్కనున్న తిరుమలయ్య మెకానిక్ షెడ్డుకు ఆ మారుతి వ్యానును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినప్పటి నుంచి ఆయన కుర్చీలో కూర్చుని చెబుతాడు, కూతురు నందిని పని చేస్తుంది. బ్రేకులు, క్లచ్చి అన్నీ విప్పి బిగించిన చేతులే. ఇంజనులో వాల్వులను ఆడించే క్యామ్‌షాఫ్ట్ మార్చడం మాత్రం ఇదే మొదలు.

డ్రైవరు ధర్మేంద్ర కొత్త షాఫ్ట్ చేతికిచ్చి, వ్యాను వైపు చూడకుండానే చెప్పాడు.

"మొగిలి ఘాట్లో పాతది ఇరిగి బండి ఆగిపోయిందక్కా. వెనక సీట్లో పంకజాక్షి అని మా ఊరామె. నొప్పులొస్తాంటే సిత్తూరు ఆస్పత్రికి తీసకపోతాంటిమి. ఆ మూల ఎవురో కూర్చోనుండాడని ఒకటే అరుపులు. ఇంకో బండి దొరికేలోపలే పానం..."

మాట మింగేసి బస్సెక్కేశాడు.

మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. నందిని ముందు సీటు ఎత్తి ఇంజను మూత తీసింది. బెల్టు విప్పింది. రాకర్లనే ఇనుప ముక్కలను వరుస తప్పకుండా పేపరు మీద పేర్చింది. పాత షాఫ్ట్ రెండు ముక్కలై బయటికొచ్చింది. గుప్పున కాలిన ఆయిలు వాసన. దాని వెనకే, సన్నగా, తడి పసుపు వాసన.

కొత్త షాఫ్టుకు ఆయిలు పూసి, ఊపిరి బిగబట్టి లోపలికి తోసింది.

"చక్రాల మీది గుర్తులు కలిసినాయా సూడు బిడ్డా. బెల్టు ఒక్క పన్ను తప్పినా ఇంజను పగిలిపోతాది," అన్నాడు తిరుమలయ్య.

అప్పుడే కరెంటు పోయింది. సాయంత్రం ఐదున్నరకే షెడ్డంతా మసకబారింది.

"అయిందా?"

"ఇంకొంచెం నాయనా."

"నేనేమీ అడగలేదే."

నందిని చేతులు ఆగిపోయాయి. రేకుల మీద వాన చప్పుడు. అంతే.

"అయిందా... అక్కా?"

వెనక సీట్లోంచి. మూలుగుతో కలిసి.

పారిపోదామంటే నాయన్ను వదిలి ఎలా పోతుంది? ఆయనా విన్నాడు. చూపు వెనక సీటు మీదే ఉంది.

"బిగించు... బిగించు బిడ్డా," అని గుసగుసలాడాడు.

నందిని బెల్టు ఎక్కించింది. బోల్టులు బిగించింది. మూత పెట్టి సీటు దించింది. ఇంజను దానంతటదే అందుకుంది. తాళం చెవి ఇంకా గోడ మేకుకే వేలాడుతోంది.

"బండి పోనీ అక్కా..."

నందిని నాయన వైపు చూసింది. ఆయన ఎడమచేత్తో కళ్లు మూసుకున్నాడు. "తీసకపో తల్లీ. మనచేత ఏమయితాది?"

నందిని ఎక్కి స్టీరింగు పట్టుకుంది. చిత్తూరు దాకా అద్దంలోకి చూడలేదు. వెనక ఊపిరి వినబడుతూనే ఉంది... ఆగి... మళ్లీ...

ఆస్పత్రి గుమ్మం ముందు ఇంజను ఆగిపోయింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తెచ్చి వెనక తలుపు జరిపారు. "జాగర్త, మెల్లగా," అనుకుంటూ వంగి, బరువుకు మూలుగుతూ ఎత్తారు. స్ట్రెచర్ మీద నందినికి తెల్లదుప్పటి తప్ప ఏమీ కనబడలేదు. దుప్పటి మధ్యలో లోతుగా కుంగింది.

నర్సు వంగి రెండు వేళ్లు గాలిలో ఆనించింది. "నాడి ఉండాది. లోపలికి తీసకపోండప్పా."

 నర్సు, నందినికి ఖాళీగా కనబడుతున్న వ్యాను లోపలికి తొంగి చూసి, ముఖం చిట్లించుకుంది.

"ఆ మూల కూర్చోని నవ్వుతాండే ఆయప్ప ఎవురమ్మా? దిగమని చెప్పు."