బక్కయ్య మంద

గద్వాల దగ్గరి గట్టు ఊళ్లో పశువుల దవాఖాన అంటే రెండు గదులు, ఒక వరండా, పనిచేయని ఫ్రిజ్. 2008లో నేను అక్కడ డాక్టర్ని. ఆ ఏడు ఆగస్టు గడుస్తున్నా వాన లేదు, గడ్డి లేదు. గొర్రెలు మాత్రం నిలబడినవి నిలబడినట్టే కూలి చస్తున్నాయి. ముక్కులోంచి నల్లటి నెత్తురు, ఎంతసేపైనా గడ్డకట్టని నెత్తురు. దొమ్మ రోగం. మూడు మందల్లో కలిపి నూట పందొమ్మిది పోయాయని నా రిజిస్టరు చెబుతోంది. ఎక్కడ అంటుకుంటోందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

ఈ రోగం మట్టిలో ఉంటుంది. ఆ మట్టిలో మొలిచిన గడ్డి తిన్న గొర్రె పోతుంది. ఆ చోటు తెలిస్తే సున్నం చల్లి, కంచె వేయొచ్చు. కానీ కరువులో పచ్చగడ్డి దొరికిన చోటు కాపరి సొంత తమ్ముడికి కూడా చెప్పడు.

"యాడనో మేపినం డాక్టరమ్మా" అంటాడు వెంకటన్న, నేల చూపులు చూస్తూ. అతని మందలో మిగిలింది అరవై. అవి కూడా పోతే భార్యాపిల్లలతో బొంబాయి మట్టిపనికి పోవడమే. అయినా నోరు విప్పడు. టీకాలు పంపమని నేను పైకి రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా ఉద్యోగం. ఒళ్లు మండిపోయేది.

చచ్చిన గొర్రెల చెవి కొసల నెత్తురు హైదరాబాదులో ల్యాబుకు పంపాను. అక్కడ నా స్నేహితురాలు సుమన పనిచేస్తుంది. సూక్ష్మజీవి జన్యువుల్లోని అక్షరాల వరుస చదివి, ఏది ఏ వంశానిదో చెప్పడం ఆమె పని. పది రోజులకు ఫోన్ చేసింది.

"వనజా, మూడు మందలదీ ఒకటే రకం. వరుసలో ఒకచోట ఒక అక్షరం తేడా ఉంది. ఇంకెక్కడి నమూనాలోనూ ఆ తేడా లేదు... ఒక్కదాంట్లో తప్ప. మా పాత బీరువాలో గాజు గొట్టం. 1979, గట్టు. తెచ్చినవాడి పేరు బక్కయ్య, పక్కన వేలిముద్ర. అప్పటి గొర్రెల్ని ఎక్కడ పూడ్చారో వెతుకు."

బక్కయ్య గురించి మా అటెండరు చిన్నయ్యను అడిగాను. చేతిలో చీపురు పక్కన పెట్టేశాడు.

"ఆయన గదే రోగంతోని సచ్చిండు మేడం. చేతికి నల్లపుండు లేసింది. ఎవ్వలు ముట్టలే. సచ్చిన గొర్లను ఏసిన గుంతల్నే ఆయన్ని గూడ ఏసిండ్రంట. బతికున్న మందను ఊరోళ్లు అమ్ముకొని పంచుకున్నరు. నూట ఇరవై ఉండెనంట."

"ఆ గుంత ఎక్కడ?"

"తెల్వదు. తెలిసినోళ్లందరు పోయిండ్రు."

వెంకటన్నను పిలిపించి, ఇన్నాళ్ల కోపమంతా అతని మీద కుమ్మరించాను. చివరికి నోరు విప్పాడు.

"ఆ గడ్డి జాగ ఒక ముసలాయన చూపిండమ్మా. ఎండల గూడ గొంగడి కప్పుకుంటడు. ఈడ మేపుకోండ్రి, ఎవ్వలకు చెప్పకుండ్రి అన్నడు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం వెళ్లాం. వెంకటన్న బాట మీదే ఆగిపోయి చెయ్యి చూపించాడు. రెండు గుట్టల మధ్య నేలంతా బీటలు వారి ఉంది. ఒక్క మంచమంత జాగాలో మాత్రం మోకాలెత్తు గడ్డి. పచ్చగా, తడిగా. దగ్గరికి పోయేకొద్దీ తడిసిన ఉన్ని వాసన. అప్పటిదాకా గోల పెట్టిన మిడతలు ఊరుకున్నాయి. నేను సున్నం సంచి దించాను.

వెనక గొర్రెలు నడుస్తున్న చప్పుడు. చాలా గొర్రెలు... తిరిగి చూస్తే ఏమీ లేవు.

మళ్లీ ఇటు తిరిగాను. గడ్డిలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. గొంగడి ముసుగు. ముఖం కనబడలేదు.

"టీకాలు ఏస్తవా బిడ్డా?" గుసగుసగా అడిగాడు.

తలూపాను.

"నా మంద అమ్ముకున్నరు... మళ్ల కూడబెట్టుకుంటున్న. ఒక్కటే తక్కువున్నది."

చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా లేదు, వేడిగానూ లేదు. దాని మీద బొగ్గులాంటి పుండు... చుట్టూ ఉబ్బు. విదిలించుకున్నాను. సంచిలోని సున్నమంతా అక్కడే గుమ్మరించి పరుగెత్తాను. బాట మీదికి వచ్చాక ఏడ్చాను. భయంతో కొంత, ఇన్నాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పనందుకు వెంకటన్న మీద కోపంతో కొంత.

మర్నాడు పదిమందితో పోయి మళ్లీ సున్నం పోయించి, చుట్టూ ముళ్లకంప వేయించాను. అప్పుడు అక్కడ ఎవరూ లేరు. ఆ వారమే టీకాలూ వచ్చాయి. వెంకటన్న అరవై గొర్రెలూ బతికాయి. రిజిస్టరులో లెక్క నూట పందొమ్మిది దగ్గరే ఆగింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

కొన్నాళ్లకు సుమన మళ్లీ ఫోన్ చేసింది. గొంతు ఏదోలా ఉంది.

"పోయిన వారం నువ్వు పంపిన నమూనా చదివాను. అదే రకం, అదే అక్షరం తేడా. కానీ అది గొర్రెది కాదు కదే. మనిషి చర్మం, పుండు మీది పెచ్చు. ఎవరిది?"

"నేనేమీ పంపలేదు."

"గద్వాల బస్సు పార్సిల్లో వచ్చింది. కాగితం మీద తెచ్చినవాడి పేరు లేదు, వేలిముద్ర ఉంది. మందలో ఎన్నోది అన్నచోట నూట ఇరవై అని రాసుంది."

ఫోన్ పెట్టేసి కూర్చున్నాను. అంతకుముందు వారమంతా నా ఒంటి మీద ఒక్క గాయం లేదు. ఆ పొద్దున లేచేసరికి మణికట్టు మీద చిన్న పొక్కు కనిపించింది, దోమ కుట్టిందనుకున్నాను. ఇప్పుడు దాని నడుమ నల్లబడింది. పైన పెచ్చు కట్టాల్సిన చోట ఎవరో అప్పటికే ఒలిచి తీసుకున్నట్టు గుండ్రటి గుంట ఉంది.

నొక్కి చూశాను. నొప్పి లేదు.