కదిపింది ఎవరండీ?

వాన కుండపోతగా కురుస్తోంది. నాలుగు రోడ్ల కూడలిలో, సరిగ్గా నడిమధ్యన, అరవై రెండేళ్ల పాత కారు మొరాయించి నిలబడింది. స్టీరింగు ముందు ఎనభయ్యేళ్ల పెద్దావిడ దర్జాగా కూర్చుని ఉంది. వెనక నుంచి తడిసి ముద్దయిపోయి తోస్తున్నవాడు ఆవిడ మనవడు, హైస్కూల్లో లెక్కల మాస్టారు.

మెకానిక్ అమ్మాయి స్కూటర్ దిగుతూనే బానెట్ ఎత్తింది.

"ఏం కదిపారు?"

"నేనా? ఏమీ కదపలేదండీ."

"మరి డిస్ట్రిబ్యూటర్ మూత క్లిప్పు ఊడి ఉందేం?"

మాస్టారు తల గోక్కున్నాడు. "లోపల తడి ఉందేమోనని మూత తీసి జేబురుమాలుతో తుడిచాను. అంతే."

"అంతేనా! డాక్టరు వచ్చేలోపు ఆపరేషన్ చేసేసి, ఏమీ ముట్టుకోలేదంటారేంటండీ?"

అంత వానలోనూ అతనికి నవ్వొచ్చింది. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడింది. తను చూడాల్సింది ఇంజిను అని ఆమె తనకు తానే గుర్తు చేసుకుంది.

"చెబితే వినడమ్మా వీడు!" పెద్దావిడ కిటికీలోంచి కేకేసింది. "ఎక్కాలు చెప్పుకునేవాడికి ఇంజిన్లతో ఏం పని? శుక్రవారం మా చెల్లెలు రైలు దిగుతుంది. దాన్ని చూసి పదకొండేళ్లయింది. మేమిద్దరం డ్రైవింగ్ నేర్చుకుంది ఈ కారులోనే. ఇందులోనే ఇంటికి తీసుకెళ్తానని దానికి మాటిచ్చాను."

ఆ రోజు మంగళవారం.

"శుక్రవారానికి ఇచ్చేస్తాను పెద్దమ్మగారూ," అంది మెకానిక్.

అనేసిందే కానీ, షెడ్డుకు చేర్చాక ఆమెకు భయం పట్టుకుంది. షెడ్డు నాన్నది. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన స్పానర్ పక్కన పెట్టేశాడు. రెండేళ్లుగా పని ఆమెదే. అయినా వచ్చినవాళ్లంతా ఆమె భుజం మీదుగా లోపలికి తొంగి చూసి, "మీ నాన్నగారు లేరామ్మా?" అనేవారు. మూడు వారాల కిందట చిన్న రిపేరుకు ఈ కారు తెచ్చినప్పుడు, ఆ మాట అడగకుండా తాళంచెవి చేతిలో పెట్టిన మొదటి మనిషి ఈ పెద్దావిడే.

మర్నాడు బడి వదలగానే మాస్టారు వచ్చేశాడు. "తోసిన పాపానికి చూసి పోదామని," అన్నాడు.

"అయితే కీ తిప్పండి."

ఆమె ప్లగ్గు వైరు ఊడదీసి ఇంజిను దగ్గరగా పట్టుకుంది. ఇంజిను గిర్రున తిరిగింది కానీ వైరు చివర నిప్పురవ్వ మెరవలేదు.

"లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. బ్యాటరీ బాగానే ఉంది. కరెంటు బయల్దేరుతోంది, ప్లగ్గు దాకా రావట్లేదు."

"దారిలో ఎక్కడో ఎగ్గొట్టేస్తోందన్నమాట. మా టెన్త్ పిల్లల్లాగా."

నవ్వు ఆపుకుని ఆమె కొత్త కాయిల్ బిగించింది. లాభం లేదు. కండెన్సర్ మార్చింది. అదీ అంతే.

"మీ తుడుపులోనే ఏదో లాగేశారు," అంది విసుగ్గా.

"అయ్యుండొచ్చండీ," అన్నాడతను బుద్ధిగా.

పెట్టె బోర్లించుకుని దాని మీద పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాడు. అరగంట తర్వాత చూస్తే అతని చేతిలో ఇంకా మొదటి పేపరే ఉంది. ఆ కుర్రాడు అంత కష్టమైన తప్పులేం చేశాడో ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

గురువారం సాయంత్రం మాస్టారు వచ్చేసరికి ఆమె చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి కాయిల్‌కు, ఇంకోటి కారు బాడీకి తగిలించి ఉంచింది.

"ప్లగ్గులకు కరెంటు పంచేది ఈ డిస్ట్రిబ్యూటరే. దీని లోపల రెండు పాయింట్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి. తెరుచుకున్న ప్రతిసారీ ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది, ఈ బల్బూ వెలుగుతుంది. తిప్పండి."

బల్బు వెలగలేదు. పాయింట్ల మధ్య అట్టముక్క దూర్చి తెరిచి ఉంచినా వెలగలేదు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ లోకి వెళ్లే వైరు పీకగానే మాత్రం టక్కున వెలిగింది.

"లోపలే! లోపలే ఎక్కడో కరెంటు బాడీలోకి కారిపోతోంది!"

ఉత్సాహంగా విప్పింది. పాయింట్ల కింది పలక ఎత్తింది. అక్కడే ఆమె చేతులు ఆగిపోయాయి.

ఒక సన్నటి ఎర్ర వైరు పలక అంచుకు రాసుకుని రాసుకుని తొడుగు చిరిగింది. లోపలి రాగి తీగ ఇనుముకు ఆనుకుని తళతళలాడుతోంది. మూడు వారాల కిందట పాయింట్లు మార్చినప్పుడు ఆ వైరు వేసింది తనే. పలక మీదుగా తీయాల్సింది, తొందరలో అంచు కింద నుంచి తీసింది.

"నేను లాగేశానని చెప్పండి," మెల్లగా అన్నాడు మాస్టారు. "నానమ్మ తిట్లు నాకు అలవాటే."

"మీకు తెలుసా?"

"నేను దాన్ని ముట్టుకోలేదని తెలుసు కదండీ."

"మరి మూడు రోజులుగా తిట్లెందుకు తిన్నారు?"

అతను కింద పడ్డ అట్టముక్క తీసి అటూ ఇటూ తిప్పాడు. "నా తప్పు కాదని తేలిపోతే, రోజూ ఇక్కడికి రావడానికి నాకు వంక ఉండదు కదా."

అంతలో గుమ్మంలో పెద్దావిడ గొంతు వినిపించింది. "ఏమ్మా, వీడు పాడుచేసింది దొరికిందా?"

అవునంటే సరిపోతుంది. షెడ్డు పరువు దక్కుతుంది. కానీ అవతల తలవంచుకుని నిలబడ్డ మనిషి?

"ఆయనేం చేయలేదు పెద్దమ్మగారూ. తప్పు నాదే. వైరు తప్పుగా వేశాను." చిరిగిన ఎర్ర వైరు ఎత్తి చూపించింది. "ఇంకెప్పుడూ నా చేతికి తాళం ఇవ్వకపోయినా నేనేం అనుకోను."

పెద్దావిడ లోపలికొచ్చి ముందు వైరును, తర్వాత మనవణ్ణి చూసింది. "మూడు రోజులుగా వీణ్ణి నానా తిట్లూ తిట్టానే! అవన్నీ వెనక్కి ఎలా తీసుకోవాలిప్పుడు?" అంది. "తప్పు చేయని చెయ్యి ఎక్కడా ఉండదమ్మా. ఒప్పుకునే నోరే కరువు. కానియ్యి, బిగించు."

కొత్త వైరు పలక మీదుగా వేసి కీ తిప్పితే, కారు ఒక్కసారిగా గొంతు సవరించుకుని గుర్రుమంది.

"దారిలో ఆగితే? రేపు నువ్వూ రావాల్సిందే," అని పెద్దావిడ ఆజ్ఞ.

శుక్రవారం స్టేషన్ బయట అక్కచెల్లెళ్లిద్దరూ కావలించుకుని ఏడ్చి, నవ్వి, ముందు సీట్లో కూర్చున్నారు. వెనక సీట్లో మాస్టారు ఒక కిటికీకి, మెకానిక్ ఇంకో కిటికీకి అతుక్కుపోయారు. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

"ఎవరే ఈ పిల్ల?" చెల్లెలు వెనక్కి తిరిగింది.

"మెకానిక్," అంది అక్క.

"నాకు నచ్చిన అమ్మాయి," అన్నాడు మాస్టారు. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. తెల్లమొహం వేసి ఆమె వైపు తిరిగాడు. "మిమ్మల్ని అడగకుండా అనేశాను. మీకిష్టమైతేనే... లేకపోతే ఇక్కడే దిగిపోతానండీ."

కారు రోడ్డు పక్కన ఆగింది. ముందు సీట్లోంచి రెండు నెరిసిన తలలు వెనక్కి తిరిగాయి.

"మళ్లీ ఆగిపోయిందా?" అంది చెల్లెలు కంగారుగా.

"ఆగలేదే, ఆపాను," అంది పెద్దావిడ. "వాడు చెప్పాల్సింది చెప్పాడు. నీ మాటేమిటమ్మా? మొహమాటం లేకుండా చెప్పు."

ఆమె తడి అద్దంలోంచి వీధిని చూసింది. పక్కన ఊపిరి బిగబట్టిన మనిషిని చూసింది. ఆయన దిగిపోతే ఈ వానలో మళ్లీ తడిసి ముద్దవుతాడు.

"ఆయన్ని దిగనివ్వకండి," అంది తలవంచుకుని. "బండి పోనివ్వండి... నానమ్మా."