పడమటి గాలి, తోకచక్రం

“నెలలో ఇది మూడో విమానం,” ఇయర్‌పీస్‌లో చీఫ్ వీరభద్ర గొంతు. “మూడూ దిగేటప్పుడే గిర్రున తిరిగి రెక్క విరగ్గొట్టుకున్నాయి. ప్రతిసారీ రెక్క రిపేరుకని లారీలో ఎర్రగుంట్లకు పోతుంది. అక్కడ గూడ్సు ఎక్కి మాయం. ఈసారి దాంట్లో మన మిసైల్ చిప్ ఉందని అనుమానం. యాక్సిడెంట్ నాటకమని తేలితేనే లారీని ఆపు. విమానాలు విదేశీ కంపెనీవి, పొరబడితే కోర్టులో నిలబడేది మనమే. టైమ్, పది నిమిషాలు.”

“సరే,” అన్నాడు శామ్.

ఇన్సూరెన్స్ సర్వేయర్ వేషం. జేబులో పెన్ కెమెరా, వాచీలో ట్రాన్స్‌మీటర్. ఆరు నెలల కిందట ఇలాంటి విమానమే శామ్ చేతుల్లో గింగిరాలు తిరిగి, వెనక సీట్లో ఉన్న సహచరుడు లేవిని చంపింది. అప్పటినుంచి శామ్‌కు భయం లేదు, బాధ లేదు. ఆకలి వేళయిందని కూడా వాచీ చూసుకుంటేనే తెలిసేది.

ఆలూరు దగ్గరి మట్టి రన్‌వే మీద విమానం ఒంటిరెక్కతో ఒరిగి ఉంది. విరిగిన రెక్కను అప్పటికే లారీలో కట్టేశారు. పైలట్ నాగలత నల్లకళ్లద్దాలు తీసి నవ్వింది. ఈ దొంగరవాణా ముఠాలో డిపార్ట్‌మెంట్ రహస్యంగా పెట్టుకున్న మనిషి ఆమే.

“మంత్రాలయం బస్సు పోయిందా?” కోడ్ అడిగాడు శామ్.

“రాయరు ఆపాడు,” కోడ్‌కు జవాబిచ్చింది నాగలత. “ఉత్తరం ముఖంగా దిగాను సార్. తూర్పుగాలి కొట్టింది, ముక్కు తూర్పుకు తిరిగింది. తోకచక్రం విమానాల సంగతి మీకు తెలియనిదా? పాపం, లేవి.”

తెలుసు. తోక కింద చిన్న చక్రం ఉండే ఇవి నేలమీద గాలి ఎటునుంచి వస్తే అటే ముక్కు తిప్పుతాయి. మట్టిలో చక్రాల జాడ కూడా తూర్పుకే తిరిగింది. అంతా అతికినట్టు సరిపోయింది. లేవి పేరు విన్నా శామ్‌కు ఏమీ అనిపించలేదు. లారీ స్టార్టయింది.

రన్‌వే పక్క కళ్లంలో ఈరక్క అనే ముసలామె చాటతో కొర్రలు తూర్పారబడుతోంది.

“అవ్వా, విమానం దిగినప్పుడు ఈడే ఉండావా?”

“యాడికి పోతానప్పా? పొద్దున్నుంచీ ఇదే పని.”

“అప్పుడు గాలి ఎట్లుండె?”

“ఒకటే పడమటి గాలి. పొట్టు యాడ పడుండాదో చూడరాదా?”

గింజల కుప్పకు తూర్పున పొట్టు బారుగా పరుచుకుని ఉంది. పడమర వైపు నేల శుభ్రంగా ఉంది. పడమటి గాలికి ముక్కు పడమరకే తిరగాలి. తూర్పుకు తిరిగిందంటే, నాగలత కావాలనే పెడల్ తొక్కి తిప్పింది. డిపార్ట్‌మెంట్ మనిషే ముఠాకు అమ్ముడుపోయింది.

“లారీ ఆపండి,” అన్నాడు వాచీలోకి.

గేటు దాటబోతున్న లారీకి, బయట కాచుకున్న డిపార్ట్‌మెంట్ జీపు అడ్డం పడింది. రెక్క చీలిస్తే చిప్ దొరికింది. నాగలత కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, చేతులు చాచి బేడీలు వేయించుకుంది.

“శభాష్. ఏ గాడ్జెట్ పనిచేసింది?” అడిగాడు చీఫ్.

“చాట.”

“అది కోడా?”

శామ్ ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకున్నాడు. ఈరక్క చాట దించి అతని మొహంలోకి చూసింది.

“బువ్వ తిన్నావా అప్పా?”

తిన్నాడో లేదో గుర్తురాక, శామ్ వాచీ చూసుకున్నాడు.