పూజ లేని శుక్రవారం

నగరి. 2009 జూన్. సోమవారం పొద్దున కోదండం చీరల డిజైన్ సెంటర్లో సర్వర్ చచ్చిపోయింది. విడిగా దాచిన బ్యాకప్‌లు చూశారు. అవీ తెరుచుకోలేదు.

"ఆపరేటర్ మురుగేష్ పనే ఇది," అన్నాడు కోదండం కొడుకు ప్రతాప్. "డిజైన్లు బయట అమ్ముకోని, ఈడ చెడగొట్టినాడు."

కోదండానికి షుగరుతో చూపు పోయి ఏడాది. మళ్లీ గీయలేడు.

"అన్నీ పోయినా పోనీ తల్లీ," అన్నాడు విచారణకి వచ్చిన ఎస్సై భువనేశ్వరితో. "నా పెండ్లాం పెంచలమ్మకని గీసిన అంచు ఒకటుండాది. ఇంకా మగ్గం ఎక్కలేదు. అదొక్కటి తెచ్చియ్."

ఆమె మురుగేష్‌ని కూర్చోబెట్టింది.

"బ్యాకప్ ఎట్లా తీస్తావు?"

"సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఇంకో కంప్యూటర్ నడస్తాది మేడమ్. వర్చువల్ మెషీన్. డిజైన్లన్నీ దాంట్లోనే. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి డిస్క్ స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి ఉన్నదున్నట్టు నకలు తీసి, వేరే డిస్క్‌కి ఎక్కిస్తా."

"ఎప్పుడైనా తెరిచి చూసినావా?"

"ఎక్కిందని చూసినా. తెరవలా."

"అమ్మినావా?"

"లేదు మేడమ్."

"మరెందుకు చెడినాయి?"

దానికి మాత్రం నోరు విప్పలేదు. దొంగ మౌనంలా లేదది. ఎవరినో కాస్తున్నట్టుంది.

ఆమె బ్యాకప్‌లన్నీ వరసగా తెరిపించింది. అన్నీ పాడే. ఒక్కటి తెరుచుకుంది. 2007 నవంబరుది.

ఆ ఒక్కటే ఎందుకు?

సాయంత్రం కోదండం ఇంటికి వెళ్లింది. గోడ మీద పెంచలమ్మ ఫొటో. దండ. కింద పోయిన తేదీ. ఆ ఒక్క బ్యాకప్ తీసిన వారమే.

ప్రతాప్‌నీ మురుగేష్‌నీ అక్కడికే పిలిపించింది.

"పెద్దాయనా, శుక్రవారం దీపం పెట్టినాక ఏం చేస్తారు?"

"కొత్త డిజైను మిషన్లోకి ఎక్కించేది అప్పుడే గదమ్మా. లక్ష్మి వచ్చే వేళ. ఇప్పుడు కొత్తవి లేకున్నా, మా ప్రతాపు నా చేత సేవ్ నొక్కిస్తాడు."

"ఆ వేళ మిషను ఆపనిస్తారా?"

"దీపాల వేళ ఎవురైనా ఆపతారా? మొదట్లో ఈ మురుగేషు ఆపబోయినాడు. తిట్టినా."

మురుగేష్ తల వాలిపోయింది.

"సర్వర్ పాతదై పోయింది. బ్యాకప్‌ల సంగతి వేరే. స్నాప్‌షాట్ తీసేముందు లోపలి మెషీన్‌ని ఒక్క నిమిషం ఆపాల," అంది భువనేశ్వరి. "మీరు ఆపనీలేదు. పైగా సేవ్ నొక్కేది అదే వేళకి. డిజైన్లన్నీ ఉండే ఒకే ఫైల్ సగం రాస్తా ఉండగానే కాపీ పడింది. మగ్గం మీద నాడె మధ్యలో ఉండగా పోగులు కోసినట్టు. వారంవారం అంతే. అమ్మ చనిపోయిన వారం, శుక్రవారం నాడు ఇంట్లో మైల. పూజ లేదు. మీరు సేవ్ నొక్కలేదు. అదొక్కటి నిలిచింది."

ప్రతాప్ లేచి తన కుర్చీ మురుగేష్ వైపు జరిపాడు.

"నాకెందుకు చెప్పలేదప్పా?" అన్నాడు కోదండం మురుగేష్‌తో.

"మీ చేతులారా పోయిందని మీకు నేనెట్టా చెప్పేది సామీ? ఆ మాట నాకు రాలా."

కోదండం ముఖం ఉన్నట్టుండి వెలిగింది. "అయితే ఒకటి నిలిచింది గదా! దాంట్లో పెంచలమ్మ అంచు ఉండాది గదా తల్లీ?"

ఆమె ఫొటో వైపు చూసింది.

"ఆ అంచు ఎప్పుడు గీసినారు?"

"పెంచలమ్మ పోయినాకనే..."

అక్కడే ఆగిపోయాడు.

భువనేశ్వరి నోట్‌బుక్ మూసింది. అరెస్టు చేయడానికి ఎవరూ లేరు.

కోదండం వేలు మోకాలి మీద అంచు గీయసాగింది. ఒక తీగ. ఒక మొగ్గ. సగంలో ఆగింది. మళ్లీ మొదటినుంచి గీసింది. మళ్లీ అక్కడే ఆగింది.