చివరి తూముకు నీళ్లెప్పుడు?

"పేజీ అన్నంక జర కళ ఉండాలె గదా!" అంటూ కృష్ణ మౌస్ నొక్కాడు. తెర మీద పచ్చటి వరి మళ్ల ఫోటోలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దొర్లాయి. వాటి కింద ఎర్రటి అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగు లంకించుకున్నాయి.

పక్క కుర్చీలోని సంగీత ఒక్క క్షణం చూసింది.

"ఇది నీళ్ల వంతుల పేజీనా, పెండ్లి బరాతా?"

"ఏం, మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది. మా తండాల నీ ఫోటోలు దిగేసరికి కాలువల నీళ్లే దిగిపోతయ్. తీసెయ్."

బాన్సువాడలోని ఆ కాలేజీలో వెబ్ డిజైన్ కోర్సు చెప్పే జగన్మోహనరావు సార్ విద్యార్థులను ఇద్దరిద్దరుగా ఒక్కో సిస్టమ్ ముందు కూర్చోబెట్టాడు. ఆయన షరతు ఒక్కటే: చేసిన పేజీని ఊళ్లోవాళ్లు అవసరం కొద్దీ తెరవాలి. ఎవరూ తెరవని పేజీకి మార్కులు లేవు. నిజాంసాగర్ కాలువ నీళ్లు ఏ తూముకు ఏ రోజు వస్తాయో చెప్పే పేజీ చేద్దామన్నది సంగీత ఆలోచన.

"వంతుల గురించి నాకు తెల్వదా?" అన్నాడు కృష్ణ ఉడుక్కుని. "మాది చివరి తూము. ఎన్నడన్న టైముకు నీళ్లొచ్చినయా? తూములు తెరిచే గా లష్కర్ ఉన్నడు చూడు, పై ఊరోళ్లకు ఇడిచి మాకు బురద మిగులుస్తడు. వాళ్ల దగ్గర మింగకుంటనే చేస్తడా?"

కీబోర్డు మీద సంగీత వేళ్లు ఆగిపోయాయి.

"గా లష్కర్ మా బాపు."

ఆమె లేచి వెళ్లిపోతుందనుకున్నాడు కృష్ణ. ఆమె లేవలేదు.

"నువ్వు లే," అంది. "మౌస్ నా చేతికియ్యి."

తండ్రి నీళ్లు అమ్ముకుంటాడన్న మాట సంగీతకు కొత్త కాదు. పైనుంచి అధికారుల కబురు వస్తేనే తన తండ్రి భీమ్లా తూము ఎత్తుతాడని, ఆ కబురు ఒక్కోసారి తెల్లవారేసరికి మారిపోతుందని గట్టు మీద నిలబడి తిట్టేవాళ్లకు తెలియదు. చిన్నప్పటి నుంచి ఆ తిట్లను అన్నంతో పాటు దిగమింగుతున్న మనిషిని ఆమె చూస్తూనే ఉంది. తండ్రికి అందిన కబురు అందరికీ అదే పూట అందితే, నీళ్లు అమ్ముకుంటున్నాడన్న నింద నిలవదు. మార్కులు ఆమెకు రెండో సంగతి.

అందుకే ఆ పేజీలో ఫోటోలు లేవు. ఊరి పేరు నొక్కితే తేదీ, వంతు మారితే దానికి కారణం. అంతే. ఎంత పాత ఫోనులోనైనా, ఎంత నీరసపు సిగ్నల్‌లోనైనా రెప్పపాటులో తెరుచుకోవాలని ఆమె పట్టు. కృష్ణ, తాను అన్న మాటకు ప్రాయశ్చిత్తం చేస్తున్నవాడిలా, చెప్పినదల్లా చేశాడు. ఆమె కోడ్‌లో తప్పులు వెతుకుతుంటే అతను ఆమెను చూసేవాడు. ఆమె తల తిప్పేసరికి తెర మీది కోడ్‌ను మహా శ్రద్ధగా చదివేవాడు.

"ఏం చదువుతున్నవ్?"

"కోడ్."

"కోడ్ మూసి శానా సేపైంది. నీ ముందున్నది ఖాళీ తెర."

ఒకరోజు పేజీ అడుగున, ఓ మూల, ఫోటో ఏదీ లేకుండా నాలుగు గీతలతో గీసిన చిన్న వరికంకి కనిపించింది సంగీతకు. అది పేజీకి ఎంత బరువో చూసింది ఆమె. ఈగ రెక్కంత కూడా లేదు. తీసెయ్యమని అనలేదు. కృష్ణకు అది చాలు. మధ్యాహ్నం కాలేజీ క్యాంటీన్‌లో తన సమోసా కూడా ఆమె ప్లేటులో పెట్టేశాడు.

యాసంగి పొలాలకు నీటి తడులు మొదలయ్యాయి. చివరి తూముకు మంగళవారం నీళ్లు అని సంగీత పేజీలో పెట్టింది. శనివారం మధ్యాహ్నం, కాలేజీ వరండాలో ఇద్దరూ నిలబడి ఉండగా, కాలం కాని కాలంలో వాన విరుచుకుపడింది. జల్లు ఆమె ముంగురుల మీద ముత్యాలు పోస్తుంటే కృష్ణ ఏదో చెప్పాలని గొంతు సవరించుకున్నాడు.

సంగీత ఫోను మోగింది. తండ్రి.

"వాన పడ్డదని తడి వెనక్కి జరిపిన్రట," అందామె మాట్లాడడం ముగించి. "చివరి తూముకు ఇగ శుక్రవారమే." అక్కడే గోడకు ఆనుకుని, తడిచేతిని చున్నీకి తుడుచుకుని, పేజీలో తేదీ మార్చేసింది. "ఇగ ఎవ్వరు ఏం అనలేరు. నువ్వేందో చెప్పబోయినవ్?"

"ఏం లేదు. వాన మంచిగున్నది."

మంగళవారం పొద్దున్నే చివరి తూము దగ్గర జనం గుమిగూడారు. ముందు నిలబడ్డది కృష్ణ తండ్రి వెంకట్రాములు.

"ఏం భీమ్లా, ఇయ్యాల నీళ్లన్నరు గదా? మళ్ల ఎవరికి మళ్లించినవ్?"

"ఇయ్యాల అని ఎవరు చెప్పిన్రు పటేలా?"

"నీ బిడ్డ చేసిన పేజీనే చెప్పింది. చూడు!" వెంకట్రాములు ఫోను చాచాడు. పక్కనున్న నలుగురూ చాచారు. అన్నింట్లోనూ ఒకే బొమ్మ, మంగళవారం అని.

కబురు తెలిసి సంగీత ల్యాబ్‌లో పేజీ తెరిచింది. అందులో శుక్రవారం అనే ఉంది. తన లెక్క తప్పలేదు. మరి ఆ మంగళవారం ఎక్కడి నుంచి వచ్చింది?

కృష్ణ తల వంచుకున్నాడు.

"నేనే. పేజీని స్క్రీన్‌షాట్ తీసి మా ఊరి గ్రూపుల పెట్టిన. వానకు ముందు."

"లింక్ పెట్టాలె గని ఫోటో ఎందుకు పెట్టినవ్?"

"లింక్ పెడితే ఎవరు తెరుస్తరు? ఫోటో అయితే అందరు చూస్తరు. నువ్వు చేసింది ఊరంత చూడాలె అనుకున్న."

ఆ చివరి మాట సంగీత గుండెలో ఎక్కడో తగిలింది. తగిలినందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"పేజీ మారుతది, ఫోటో మారుతదా? ఇన్నేండ్లు మా బాపును ఉత్తగ తిట్టిన్రు. ఇప్పుడు నా పేజీ సాక్ష్యంతోని తిడుతుండ్రు."

"సారీ సంగీతా."

"సారీ నాకు గాదు. ఎవరి ముంగట చెప్పాలెనో నీకు తెలుసు."

అతను అప్పటికప్పుడే బ్యాగు భుజాన వేసుకుని బయలుదేరాడు. సంగీత మాత్రం కుర్చీ కదలలేదు. ఫోటోలు పంపకండని జనానికి చెప్పి లాభం లేదు, పంపుతారు. వాళ్ల అలవాటు మారదు గనుక మారవలసింది తన పేజీయే. ల్యాబ్ తలుపు మూసేవేళకు ప్రతి ఊరి తేదీకి పైన, అదే పెట్టెలో, ఎవరు ఏ ముక్క కత్తిరించినా విడిపోని చోట, లావాటి అక్షరాలు వెలిశాయి: "ఈ కబురు మంగళవారం సాయంత్రానిది. రేపటికి చెల్లదు. మళ్లీ తెరిచి చూసుకోండి." రోజు మారితే ఆ వరుస తనంతట తానే మారుతుంది.

జగన్మోహనరావు సార్ కళ్లద్దాలు పైకి తోసుకుని చదివాడు. "నేను చెప్పని పాఠం ఇది," అన్నాడు.

శుక్రవారం తెల్లవారగానే సంగీత తండ్రి వెంట చివరి తూము దగ్గరికి వెళ్లింది. రైతులు అప్పటికే చేరారు. ఒకాయన ఫోను చూపించి, "శనివారం అంటుంది గదనే ఇది?" అన్నాడు.

"పైన చదువు కాకా," అంది సంగీత.

ఆయన కూడబలుక్కున్నాడు. "ఈ కబురు... బుధవారం పొద్దుటిది. చెల్లదు. అగో, పాతదే పంపిండు మా తమ్ముడు!" గట్టు మీద నవ్వులు లేచాయి. ఆయనే మళ్లీ పేజీ తెరిచాడు. "ఇయ్యాలే ఉంది. పొద్దున అని ఉంది. నడుమ శనివారానికి జరిపి, మళ్ల ఇయ్యాల్టికే తెచ్చిన్రట."

భీమ్లా తూము చక్రం తిప్పాడు. నీళ్లు నురగలు కక్కుతూ బోదె కాలువలోకి దూకాయి.

వెంకట్రాములు ఫ్లాస్కు మూత విప్పి మొదటి చాయ్ భీమ్లా చేతికిచ్చాడు. "మంగళవారం మావోడు గీడనే అందరి ముంగట నిలబడి, తప్పు నాది, లష్కర్ది గాదన్నడు. వాడు తప్పు ఒప్పుకునుడు నేను పుట్టిబుద్ధెరిగి చూడలే," అని సంగీత వైపు తిరిగాడు. "ఏం మందు పెట్టినవ్ బిడ్డా? మీ బాపును నేను అనరాని మాటలన్న. మనసుల పెట్టుకోకు."

"మా బాపు పెట్టుకోడు కాకా. నేనే జర పెట్టుకుంట."

వెంకట్రాములు పెద్దగా నవ్వి, వెనక నిలబడ్డ కొడుకును ఆమె వైపు ఒక్క తోపు తోశాడు. "పోరా. ఇంట్ల నన్ను సతాయించుడు గాదు, నువ్వు చెప్పాల్సింది గాడ చెప్పు. మీ అవ్వకు నేను చెప్పుకుంట."

భీమ్లా ఏమీ వినపడనట్టు చాయ్ ఊదుకుంటున్నాడు. అయితే మీసం చాటున నవ్వు దాగలేదు.

కృష్ణ గట్టు వెంబడి వచ్చి ఆమె ముందు ఆగాడు. వాన రోజున మింగేసిన మాట ఇప్పుడు తడబడుతూనే బయటికి వచ్చింది.

"సంగీతా... నువ్వంటే నాకిష్టం."

సంగీత చేతులు కట్టుకుంది. "ఈ కబురు ఎప్పటిది?"

"నా ఫోటోలు తీసెయ్యమన్న నాటిది."

"అబ్బో, శానా పాతది. ఇయ్యాల్టికి చెల్లుతదా?"

"రోజు పొద్దుగాల మళ్ల తెరిచి చూస్కో."

బోదె నిండి నీళ్లు వాళ్ల కాళ్ల దగ్గరికి పారాయి. ఇద్దరిలో ఎవరూ పక్కకు జరగలేదు.

"సరే," అంది సంగీత. "రేపు పొద్దుగాల ల్యాబ్‌ల చూస్త. జల్ది రా."